తలుపు చెప్పే లెక్క, కాటా చెప్పే లెక్క



వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని, శనివారం పొద్దున్నే పార పట్టుకునే తెలుగువాళ్ళ కోసం ఈ ప్రసంగం. డాలస్‌కి ఉత్తరాన కాస్త పొలం కొనుక్కున్నవాళ్ళలో నేనూ ఒకదాన్ని. పొలం వచ్చిందంటే దాని వెనకాలే ట్రక్కు వస్తుంది. కొత్త ట్రక్కు ధర వింటే గుండె గుభేలుమంటుంది కాబట్టి పాతదే వస్తుంది. మా వాకిట్లోకి కూడా అలాగే వచ్చింది. 2002 మోడల్ ఫోర్డ్ ఎఫ్-250 సూపర్ డ్యూటీ. నాలుగు తలుపులు, ఫోర్ వీల్ డ్రైవ్, 7.3 లీటర్ల పవర్ స్ట్రోక్ డీజిల్ ఇంజను. తాళం తిప్పితే వీధి చివరి వాళ్ళకి కూడా మేం బయల్దేరుతున్నామని తెలిసిపోతుంది.

మొదటి వేసవిలోనే దానిమ్మ, అంజూర మొక్కలు నాటాం. బోరు ఇంకా వేయించలేదు. ఇంటి దగ్గర కుళాయి నీళ్ళు పట్టి పొలానికి తీసుకెళ్ళాలి. ఇనుప చట్రంలో కూర్చోబెట్టిన తెల్ల ప్లాస్టిక్ ట్యాంకులు మీరు చూసే ఉంటారు, ఇక్కడివాళ్ళు టోట్ అంటారు. 275 గ్యాలన్లు పడతాయి. ఒకటి కొని ట్రక్కు బెడ్‌లో పెట్టాం. కింద ఉన్న కుళాయికి పైపు తగిలించడం సులువని టెయిల్‌గేట్ వారగా పెట్టాం. సగం నిండేసరికి బండి వెనక భాగం కిందికి దిగడం నాకు కనిపిస్తోంది. "చాల్లే, ఆపుదాం" అన్నాను. మా మరిది నవ్వాడు. "ఏం కాదు వదినా, ఇది ఎఫ్-250. ఏనుగు లాంటిది. నిండా పట్టేద్దాం" అన్నాడు. పట్టేశాం.

చీకటి పడుతుండగా బయల్దేరాం. స్టీరింగ్ చేతిలో ఉందో లేదో తెలియనంత తేలిగ్గా తిరుగుతోంది. ఎదురొచ్చే ప్రతి కారూ నా మీద లైట్లు కొడుతోంది. నేను హైబీమ్ వేయలేదే, ఎందుకు కొడుతున్నారని విసుక్కున్నాను. తర్వాత తెలిసింది. వెనక భాగం కుంగి, ముందు భాగం లేచి, నా లైట్లు రోడ్డుని వదిలేసి ఎదుటివాళ్ళ కళ్ళల్లోకి చూస్తున్నాయి. స్టాప్ సైన్ దగ్గర బ్రేకు తొక్కితే బండి ఆగింది. నేను అనుకున్నచోట కాదు, దాని ఇష్టమొచ్చినచోట ఆగింది. అదృష్టం బాగుండి అడ్డంగా ఎవరూ లేరు.

తప్పు బండిది కాదు, పూర్తిగా నాదే. సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. మా నాన్నగారు గుంటూరు మిర్చి యార్డు దారిలో ఒక లారీ కాటా దగ్గర గుమాస్తాగా పనిచేశారు. బరువులు తూచిన ఇంట్లో పుట్టి, బరువు చూసుకోకుండా బండెక్కాను.

నాన్న రోజంతా చేసింది ఒకే ఒక్క లెక్క, తీసివేత. ఖాళీ లారీ కాటా ఎక్కుతుంది, ఒక అంకె. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వేసుకుని మళ్ళీ ఎక్కుతుంది, ఇంకో అంకె. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే సరుకు ఎంతో తేలుతుంది. అమెరికా పికప్ ట్రక్కు ఎంత మోయగలదో చెప్పేదీ సరిగ్గా ఆ తీసివేతే. ఇవాళ నేను చెప్పదల్చుకున్నది కూడా ఇంతే. పేలోడ్, అంటే మోయగల బరువు, బండికి పుట్టుకతో వచ్చిన బలం కాదు. అన్నీ పోగా మిగిలినది.

దేని లోంచి ఏది తీసివేయాలి? డ్రైవర్ తలుపు తెరిస్తే, తలుపు అంచు మీదో తలుపు మూసుకునే స్తంభం మీదో ఒక స్టిక్కర్ ఉంటుంది. చట్టప్రకారం ప్రతి బండికీ ఉండాల్సిందే. దాని మీద జీ.వీ.డబ్ల్యు.ఆర్. అని ఒక అంకె కనిపిస్తుంది. బండి, డీజిలు, డ్రైవరు, పక్కన కూర్చున్నవాళ్ళు, బెడ్‌లో సరుకు, వెనక ట్రైలర్ తగిలిస్తే అది కొక్కెం మీద మోపే బరువు, ఇవన్నీ కలిపి ఎంత దాటకూడదో చెప్పే హద్దు అది. మా బండి మీద 8,800 పౌండ్లని ఉంది. అంటే నాలుగు వేల కేజీలకి కాస్త తక్కువ. చాలామంది పొరబడేది ఇక్కడే. 8,800 అంటే బండి మోసే బరువనుకుంటారు. కాదు, బండి తన్ను తాను మోసుకోవడం కూడా అందులోనే ఉంది.

మన దగ్గర లారీ క్యాబిన్ పక్కన రంగుతో రాసిన అక్షరాలు గుర్తు తెచ్చుకోండి. యు.ఎల్.డబ్ల్యు. ఇంత, ఆర్.ఎల్.డబ్ల్యు. ఇంత అని. మొదటిది ఖాళీ బరువు, రెండోది రిజిస్ట్రేషన్‌లో ఒప్పుకున్న మొత్తం బరువు. రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి రోడ్డు మీద పోయే పిల్లాడు కూడా తీసివేయగలడు. పాత అమెరికా పికప్ మీద మొత్తం హద్దు ఒక్కటే ఉంటుంది, ఖాళీ బరువు ఉండదు. ఫైర్‌స్టోన్ టైర్లు సురక్షితం కావన్న గొడవ తర్వాత 2000లో అమెరికా కాంగ్రెస్ ట్రెడ్ చట్టం తెచ్చింది. దాని ఫలితంగా ఆ దశకం మధ్య నుంచి 10,000 పౌండ్ల లోపు బండ్లకి ఇంకో స్టిక్కర్ వచ్చింది. మనుషులు, సరుకు కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని అది నేరుగా చెబుతుంది. తీసివేత కంపెనీయే చేసిపెట్టినట్టు. మా 2002 ట్రక్కు లాంటి పాతవాటికి ఆ సౌకర్యం లేదు. లెక్క మనమే చేసుకోవాలి.

ఖాళీ బరువు తెలియాలంటే కాటా ఎక్కాల్సిందే. ఇక్కడ హైవేల పక్కన ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే కాటాలుంటాయి. పెద్ద పెద్ద సెమీ ట్రక్కుల కోసం పెట్టినవే అయినా, పికప్‌ని ఎవరూ వద్దనరు. బల్లలు విడివిడిగా ఉంటాయి. ముందు చక్రాలు ఒక బల్ల మీద, వెనక చక్రాలు ఇంకో బల్ల మీద, ట్రైలర్ ఉంటే దాని చక్రాలు మూడో బల్ల మీద వచ్చేట్టు ఆపాలి. చీటీ మీద ప్రతి ఇరుసు బరువూ విడిగా, మొత్తం విడిగా వస్తాయి.

నీళ్ళ కథ జరిగిన మర్నాడే వెళ్ళాను. డీజిలు నిండా పోయించి, నేను సీట్లో కూర్చుని, బెడ్ ఖాళీగా ఉంచి తూయించాను. ముందు ఇరుసు 4,280, వెనక ఇరుసు 2,900, మొత్తం 7,180 పౌండ్లు. ఇప్పుడు కాగితం తీసుకోండి. 8,800 లోంచి 7,180 తీసేస్తే 1,620. ఏనుగు లాంటి మా బండికి మిగిలింది అంతే, 735 కేజీలు.

మరి ఆ రోజు నేను వేసిందెంత? గ్యాలను నీళ్ళు 8.34 పౌండ్లు. 275 గ్యాలన్లంటే 2,290 పౌండ్ల పైమాటే. ఈ పౌండ్ల గొడవ పక్కన పెట్టి మన లెక్కలో చూస్తే, 275 గ్యాలన్లంటే 1,040 లీటర్లు. లీటరు నీళ్ళు కేజీ అని ఐదో తరగతిలోనే చదువుకున్నాం. టన్ను పైన నీళ్ళు! మిర్చి టిక్కీలైతే పాతిక దాకా వేసినట్టు. దానికి ఖాళీ ట్యాంకు, చట్రం కలిపి ఒక 130, మా మరిది 180. అన్నీ కూడితే బండి మొత్తం 9,780 పౌండ్లు అయింది. హద్దు మీద 980 ఎక్కువ, అంటే అర టన్నుకి కాస్త తక్కువ. నీళ్ళు పారదర్శకంగా ఉంటాయి కాబట్టి తేలికనిపిస్తాయి. అదే టన్ను ఇటుకలైతే భయపడి ఉండేదాన్ని.

పైగా పెట్టిన చోటు కూడా తప్పే. పొలాల్లో ఏతం చూసినవాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. దూలం ఒక చివర బరువు పడితే రెండో చివర లేస్తుంది. ట్రక్కుకి వెనక ఇరుసే ఏతం స్తంభం. ఇరుసుకి వెనక్కి, టెయిల్‌గేట్ వైపు పెట్టిన బరువు ముందు చక్రాలని పైకి లేపుతుంది. ముందు చక్రాల మీద బరువు తగ్గితే స్టీరింగ్‌కి పట్టు పోతుంది, బ్రేకుకీ పట్టు పోతుంది. బరువైనదాన్ని ఇరుసు పైన గానీ, కాస్త క్యాబిన్ వైపుకి గానీ పెట్టాలి.

ఇప్పుడు కొందరికి ఒక అనుమానం వస్తుంది. ఇది హెవీ డ్యూటీ కదా, డీజిల్ కదా, ఇంత తక్కువ మోస్తుందా అని. విచిత్రమేమిటంటే, డీజిల్ కాబట్టే తక్కువ మోస్తుంది. డీజిల్ ఇంజను పెట్రోలు ఇంజను కన్నా కొన్ని వందల పౌండ్లు బరువు. ఫోర్ వీల్ డ్రైవ్ సామగ్రి ఇంకొంత. వెనక సీట్లు, ఇంకో రెండు తలుపులు ఇంకొంత. పై హద్దు మాత్రం అదే 8,800. అందువల్ల రెండు తలుపుల, పెట్రోలు ఇంజను, టూ వీల్ డ్రైవ్ ఎఫ్-250, పనివాళ్ళు వాడి పారేసిన బండి, మా దర్జా బండి కన్నా చాలా ఎక్కువ సరుకు మోస్తుంది. నగలన్నీ పెట్టుకున్న పెళ్ళికూతురిని బస్తా మోయమంటే ఎలా? ఇంజను బలం లాగడానికి పనికొస్తుంది. మోయడానికి కావలసినవి స్ప్రింగులు, ఇరుసులు, చక్రాలు, టైర్లు, బ్రేకులు.

పాత ట్రక్కు కొంటుంటే అమ్మేవాళ్ళు త్రీ-క్వార్టర్ టన్, వన్ టన్ అని మాట్లాడతారు. అవి పూర్వం నిజంగానే మోత బరువులు. హాఫ్ టన్ అంటే 1,000 పౌండ్లు, త్రీ-క్వార్టర్ అంటే 1,500, వన్ టన్ అంటే 2,000. అమెరికా టన్ను 2,000 పౌండ్లు, అంటే 907 కేజీలు. మన వెయ్యి కేజీల టన్ను కాదు. కాలం గడిచేకొద్దీ బండ్లు మారాయి, పేర్లు మిగిలాయి. ఇవాళ్టి హాఫ్ టన్ ఎఫ్-150ల్లో కొన్ని 2,000 పౌండ్లకి పైగా మోస్తాయి. త్రీ-క్వార్టర్ టన్ అని పేరున్న నా పాత డీజిల్ మిగిల్చింది 1,620. అంటే పేరు దగ్గరే ఆగింది. ఇంటిపేరుని బట్టి ఆస్తి అంచనా వేయకూడదు.

హద్దు అంకెల వెనక ఇంజనీరుతో పాటు చట్టం కూడా ఉంటుంది. 1975లో ఫోర్డ్ ఎఫ్-150ని మార్కెట్లోకి తెచ్చినప్పుడు దాని హద్దుని 6,000 పౌండ్లు దాటించింది. ఎందుకంటే ఆ ఏటి కాలుష్య నియమాలు 6,000 లోపు బండ్లకి వర్తించేవి. ఆ పైన ఉన్న బండికి కెటలిటిక్ కన్వర్టర్ అక్కర్లేదు, సీసం కలిపిన పెట్రోలుతో నడిచేది. తర్వాత ఆ గీత 8,500కి జరిగింది. పాత హెవీ డ్యూటీ ట్రక్కులకి గ్యాలనుకి ఎన్ని మైళ్ళో చెప్పే ప్రభుత్వ స్టిక్కర్ లేకపోవడానికి కారణం అవి ఆ గీత పైన ఉండటమే. ఇంకో గీత 10,001 దగ్గరుంది. ఆ అంకెని చేరిన బండిని వ్యాపారానికి రాష్ట్రాల మధ్య నడిపితే ఫెడరల్ రవాణా నియమాలు వచ్చి పడతాయి. మా బండికి అన్నలాంటి ఆనాటి ఎఫ్-350, వెనక రెండే చక్రాలున్నది, 9,900 దగ్గర ఆగింది. గీతకి వంద పౌండ్ల దూరంలో ఆగడం కాకతాళీయమని నాకనిపించదు.

ఇది విన్న తెలివైనవాళ్ళు ఒక దారి కనిపెడతారు. "ఎఫ్-250, ఎఫ్-350 రెండూ ఒకలాంటివే కదా, వెనక స్ప్రింగుల దగ్గర దిమ్మ, టైర్లు, అలాంటివే తేడా. నేను ఎయిర్‌బ్యాగులు, అదనపు స్ప్రింగులు వేయిస్తాను, హద్దు పెరుగుతుంది" అంటారు. ఎయిర్‌బ్యాగులు వేస్తే వెనక భాగం కుంగదు, లైట్లు సరిగ్గా ఉంటాయి, అది నిజం. కానీ తలుపు మీద అంకె మారదు. బ్రేకులు, చట్రం, ఇరుసు, చక్రాలు పాతవే. కుంగడం అనేది బండి మనకి చేసే ఫిర్యాదు. ఎయిర్‌బ్యాగు ఆ ఫిర్యాదు మనకి వినపడకుండా చేస్తుంది, అంతే.

తలుపు స్టిక్కర్ మీద జీ.వీ.డబ్ల్యు.ఆర్. కింద ఇంకో రెండంకెలుంటాయి, జీ.ఏ.డబ్ల్యు.ఆర్. అని. ముందు ఇరుసు ఇంత, వెనక ఇరుసు ఇంత మించకూడదని. వాటి పక్కనే టైరు సైజు, గాలి ఎంత ఉండాలో కూడా రాసి ఉంటుంది. ఆ కాలపు ఎఫ్-250లు చాలావాటి మీద వెనక ఇరుసుకి 6,084 అని ఉంటుంది. 6,000 కాదు, 6,100 కాదు, 6,084. ఎందుకంత వింత అంకె? బండికి కంపెనీ వేసిన టైరు గోడ మీద చదివితే తెలుస్తుంది. ఎల్.టీ. 235, 85, ఆర్ 16, లోడ్ రేంజ్ ఈ. 80 పీ.ఎస్.ఐ. గాలితో ఒక్కో టైరు 3,042 పౌండ్లు మోస్తుంది. రెండు టైర్లకి 6,084. అంటే ఆ అంకె టైర్లు పెట్టిన హద్దే.

దీన్నుంచి నేర్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ముందు యజమాని అందం కోసమో చవక కోసమో వేరే టైర్లు, వేరే రిమ్ములు వేసి ఉంటే, వాటి హద్దు తలుపు మీది దానికన్నా తక్కువ కావచ్చు. అప్పుడు తక్కువదే లెక్క. ఎక్కువ మోసే టైర్లు వేస్తే మాత్రం తలుపు మీద అంకె పెరగదు. గొలుసు బలం దాని బలహీనమైన లింకు దగ్గరే ఉంటుంది. గాలి సంగతి కూడా అంతే. 80 పీ.ఎస్.ఐ. దగ్గర 3,042 మోసే టైరు, మెత్తగా పోవాలని 50 పెట్టుకుంటే అంత మోయదు. ఇక వయసు. టైరు గోడ మీద డి.ఓ.టి. అక్షరాల చివర నాలుగంకెలుంటాయి. 2419 అని ఉంటే 2019లో 24వ వారంలో తయారైందని. పొలం బండ్ల టైర్లు అరగవు, ఎండకి ముసలివవుతాయి. గాడి బాగుందని మోసపోకండి.

ట్రైలర్ ఉన్నవాళ్ళకి రెండు మాటలు. ట్రక్కు, ట్రైలర్ కలిపి ఎంత ఉండొచ్చో చెప్పేది జీ.సీ.డబ్ల్యు.ఆర్. అది తలుపు మీద కాకుండా యజమాని పుస్తకంలో ఉంటుంది. మా బండికి 20,000 పౌండ్లు. ఆ అంకె చూసి మురిసిపోకండి. బంపర్ దగ్గర తగిలించే ట్రైలర్, తన బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు కొక్కెం మీద మోపుతుంది. 7,000 పౌండ్ల ట్రైలరైతే 700 నుంచి 1,050. అది కూడా మన 1,620 లోంచే పోవాలి. ఇంటిల్లిపాదీ ఎక్కి, వెనక ట్రాక్టర్ ఎక్కించిన ట్రైలర్ తగిలిస్తే, లాగడంలో ఇంకా బోలెడు మిగిలి ఉన్నా, మోయడంలో ఖాతా ఖాళీ అయిపోతుంది.

పాత బండి కాబట్టి ఇంకో మాట. తలుపు మీది స్టిక్కర్ బండి పుట్టినరోజున రాసిన జాతకం. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో ఏం జరిగిందో దానికి తెలియదు. మంచు పడే రాష్ట్రాల్లో రోడ్లకి చల్లిన ఉప్పుతో చట్రం తుప్పు పట్టి ఉండొచ్చు. ఆకు స్ప్రింగులు అలిసి ఉండొచ్చు. ముందు యజమాని బెడ్‌లో ఇనుప పనిముట్ల పెట్టె, ముందు పెద్ద బంపరు బిగించి ఉండొచ్చు. ఆ బరువులన్నీ మన మిగులు లోంచి పోయినవే. బ్రోషర్‌లో చూసిన పేలోడ్ ఆ పెట్టెలు లేని బండిది. అందుకే కొనే ముందు తలుపు చూడండి, కొన్నాక కాటా ఎక్కించండి. స్టిక్కర్ చిరిగిపోయి ఉంటే వి.ఐ.ఎన్. అనే 17 అక్షరాల నంబరు ఉంటుంది. రోడ్డు భద్రత చూసే ఫెడరల్ సంస్థ వెబ్‌సైట్‌లో దాన్ని కొడితే ఏ బరువు తరగతి బండో ఉచితంగా చెబుతుంది. ఖచ్చితమైన అంకె రాకపోయినా, ఎంత నుంచి ఎంత వరకో తెలుస్తుంది.

చివరగా, నాన్న చెప్పిన కాటా రహస్యం ఒకటి. లారీని ఖాళీగా తూచేటప్పుడు డ్రైవరు, క్లీనరు లోపల కూర్చుంటారు. సరుకుతో తూచేటప్పుడు మెల్లగా దిగిపోతారు. సరుకు ఇద్దరు మనుషులంత తగ్గినట్టు తేలుతుంది. నాన్న కళ్ళద్దాలు పైకి నెట్టి, "ఎక్కు బాబూ, మనిషి కూడా బరువే" అనేవారట. పికప్ కొనే మనవాళ్ళందరం ఆ మోసం మనకి మనమే చేసుకుంటున్నాం. సిమెంటు బస్తాలు లెక్కపెడతాం, మనల్ని లెక్కపెట్టుకోం. ఐదుగురు పెద్దవాళ్ళు ఎక్కితే 800, 900 పౌండ్లు క్యాబిన్‌లోనే అయిపోతాయి.

ఇప్పుడు మేం టోట్ తీసేసి 125 గ్యాలన్ల ట్యాంకు కొన్నాం. నిండా పడితే నీళ్ళు 1,040 పౌండ్ల చుట్టూ ఉంటాయి. సగం నిండిన పెద్ద ట్యాంకులో లాగా కుదుపుకి అటూ ఇటూ కొట్టుకోవు. క్యాబిన్‌కి ఆనించి కడతాం. రెండుసార్లు తిరగాల్సి వస్తుంది, తిరుగుతాం. కాటా చీటీ గ్లోవ్ బాక్స్‌లో ఉంది. దాని వెనక ఎవరెక్కితే ఎంతో పెన్సిల్‌తో రాసి పెట్టాను. ఏనుగన్న మా మరిది ఇప్పుడు తలుపు తీయగానే ముందు తన సంగతే చెబుతాడు: "వదినా, సంక్రాంతి అరిసెల పుణ్యమా అని నాలుగు పౌండ్లు పెరిగాను, దిద్దుకో."